పట్టా, పలక ఇచ్చిన పరదేశి

(జనవరి 11న హైమన్‌డార్ఫ్, బెట్టీ దంపతుల యాదిల ఉట్నూరుల విద్యార్థులు, ఉద్యోగులు కలిసి పెట్టుకున్న సభల ఒక జర్నలిస్టు చేసిన ప్రసంగ పాఠం)

 

నన్ను పిలిచినప్పుడు ఒక్క మాట చెప్పిన. నేను ఆంత్రోపాలజీ చదివినోన్ని గాను. డిగ్రీ పాసైన, పేపర్ల వార్తలు రాస్తున్న, ఉద్యమంల తిరిగిన. హైమన్‌డార్ఫ్ మీద పెద్ద పెద్ద ప్రొఫెసర్లు మాట్లాడాలె గని నేనేం మాట్లాడుత అన్న. మీరు ఇనలేదు. సరే, నేను చూసింది, చదివింది, నాకు తోచింది చెప్తా. తప్పులుంటే ఇక్కడున్న పెద్దలు సరిదిద్దుండ్రి.

జైనూరు దాటి మార్లవాయి పోతే అక్కడ రెండు సమాధులు కనబడ్తయి. ఒకటి ఇంగ్లీషు ఆడామె బెట్టీ ఎలిజబెత్‌ది. 1987 జనవరి 11న హైదరాబాద్‌ల పాణం ఇడిస్తే తెచ్చి ఈ గోండు గూడెంల పెట్టిండ్రు. ఇంకోటి ఆమె పెనిమిటిది, క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్‌ది. ఆయన 1995 జూన్‌ల లండన్‌ల చనిపోయిండు. తర్వాత కొడుకు నికొలస్ అస్థికలు తెచ్చి తల్లి పక్కన కలిపిండు. ఎక్కడి వియన్నా, ఎక్కడి లండన్, ఎక్కడి మార్లవాయి! దునియంతా తిరిగినోడు, నాగాల దగ్గర ఉన్నోడు, నేపాల్ షేర్పాల మీద పుస్తకాలు రాసినోడు, ఆఖరికి మట్టి మాత్రం మన ఆదిలాబాద్ జంగల్ల కోరుకున్నడు. ఎందుకు? నా మాటంతా గీ ప్రశ్న సుట్టే తిరుగుతది.

హైమన్‌డార్ఫ్ 1909ల వియన్నాల పుట్టిండు. సదువుకున్న పెద్దింటి పిలగాడు. 1936ల మన దేశం వచ్చి కొన్యాక్ నాగాల నడుమ ఉండి పోయిండు. 1938ల బెట్టీని పెండ్లి చేసుకున్నడు. మళ్ల 1939ల వచ్చిండు, ఈసారి హైదరాబాద్ రాష్ట్రానికి. వచ్చి కుదురుకోకముందే యుద్ధం లేచింది. అంతకు ఏడాది ముందే హిట్లర్ ఆస్ట్రియాను కలుపుకున్నడు గనక ఈయన చేతిల ఉన్నది జర్మన్ పాస్‌పోర్టు. అంటే ఇంగ్లీషోళ్ల లెక్కల శత్రుదేశపోడు. జైల్ల పెట్టాలె. గని నిజాం రాష్ట్రం దాటిపోకుండ ఇక్కడనే ఉండుమన్నరు. ఆయనకు అది శిక్షనే, గని మనకు అది లాభమైంది. ఊకె కూసోకుండ అమ్రాబాద్ గుట్టలల్ల చెంచుల దగ్గరికి పోయిండు, గోదావరి ఒడ్డుకు కొండరెడ్ల దగ్గరికి పోయిండు, ఆ తర్వాత గోండుల దగ్గరికి వచ్చిండు. చెంచుల మీద 1943ల, కొండరెడ్ల మీద 1945ల, రాజ్‌గోండుల మీద 1948ల పుస్తకాలు అచ్చయినయి.

గోండుల దగ్గరికి ఊరికే రాలేదు. అది మీకు తెలుసు, అయినా చెప్పాలె. 1940ల జోడేఘాట్‌ల కుమ్రం భీంను నిజాం పోలీసులు కాల్చి చంపిండ్రు. అంతకుముందు ఇరవై ఏండ్లుగా ఏం జరిగింది? జంగ్లాతోళ్లు అడవికి గీతలు గీసిండ్రు. గీత లోపట ఉన్న గూడెం రాత్రికి రాత్రి అక్రమం అయింది. గుడిసెలు కాలబెట్టిండ్రు, పంటలు తొక్కిచ్చిండ్రు. మంచి నల్లరేగడి ఉన్న చోట బయటోళ్లు వచ్చి పట్టాలు చేయించుకున్నరు. గోండు తరతరాల సంది దున్నుతున్నడు, గని ఆయన పేరు మీద కాగితం లేదు. సర్కారు లెక్కల అది శివాయి జమా. దఫ్తర్ భాష ఉర్దూ, పట్వారి రాసేది మోడి, గోండు మాట్లాడేది గోండి. దరఖాస్తు ఎట్ల వెట్టాలె? ఎవరికి వెట్టాలె? భీం దరఖాస్తులు పెట్టిండు, హైదరాబాద్ దాకా పోయిండు, ఎవరు ఇనలేదు. ఇనకపోతే ఏమైతదో అదే అయింది.

భీంను చంపినంక సర్కారుకు భయం పట్టింది. ఈ జంగల్ల అసలు ఏమైతున్నదో చూసి చెప్పమని ఈ పరదేశికి అప్పజెప్పిండ్రు. అంటే హైమన్‌డార్ఫ్‌ను ఈ గడ్డకు తెచ్చింది నిజాం దయ గాదు, భీం నెత్తురు. ఆయన మీద సభ పెట్టుకున్న ప్రతిసారి గీ మాట మొదలు చెప్పుకోవాలె. లేకపోతే తెల్లదొర వచ్చి మనల్ని ఉద్ధరించిండు అన్న కథ మిగులుతది. ఆ కథ నాకు నచ్చదు. దొర అన్న మాటనే మనకు పడది గదా.

1941ల మొగడు పెండ్లాం ఇద్దరు మార్లవాయిల గడ్డి ఇల్లు ఏసుకున్నరు. ఊరి పెద్ద లచ్చు పటేల్ వాళ్లకు ఆసరైండు. ఆయన పేరు హైమన్‌డార్ఫ్ పుస్తకాలల్ల ఉంటది. గోండి నేర్చుకున్నడు. పెండ్లిళ్లకు పోయిండు, చావులకు పోయిండు, ప్రధాన్‌లు కింగ్రి వాయించుకుంట చెప్పే దేవతల కథలు రాసుకున్నడు. రాసుకునుడు వరకే అయితే ఆయన ఇంకో ప్రొఫెసరు. మస్తు మంది వచ్చిండ్రు, రాసుకున్నరు, పోయిండ్రు. ఇప్పటికీ వస్తున్నరు. కెమెరాలు ఏసుకొని గుస్సాడీ ఆటను ఫోటోలు తీసుకొని పోతరు, మళ్ల ఆ ఊరు పేరు గూడ యాదికుండది. నేను గూడ మొదట్ల అసొంటోన్నే, అది ఒప్పుకోవాలె.

ఈయన ఎక్కడ మారిండంటే, చూసింది చూసినట్టు సర్కారుకు రాసిచ్చిండు. మీ జంగ్లాత్ సిబ్బంది లంచాలు తింటున్నరు, మీ అధికారులు దౌరకు వచ్చినప్పుడు గూడేలల్ల వెట్టి చేయించుకుంటున్నరు, షావుకారు ఒకటికి రెండు రాసుకుంటున్నడు అని రాసిండు. భీం తిరుగుబాటును గూడ కొద్దిమంది దుండగుల అల్లరి అనలేదు. ముందుగాల్నే వాళ్ల గోస ఇంటే ఇంతదాకా రాకపోవు అన్నడు. నిజాం ఉప్పు తింటున్న మనిషి, శత్రుదేశపు పాస్‌పోర్టు ఉన్న మనిషి, 1940లల్ల ఆ మాట రాసుడు చిన్న సంగతి గాదు. మనకు ఇయ్యాల ఒక ఆఫీసర్ మీద వార్త రాయాలంటే పదిసార్లు ఆలోచించవలసొస్తది.

ఆయన అదృష్టం ఏందంటే రెవెన్యూ మంత్రిగ గ్రిగ్సన్ అనే ఇంగ్లీషాయన ఉండె. బస్తర్ల మాడియా గోండుల దగ్గర పనిచేసి, వాళ్ల మీద పుస్తకం రాసినోడు. రిపోర్టును బీరువల పారేయకుండ అమలు చేసే పని పెట్టుకున్నడు. కిందిస్థాయిల పగడి సేతుమాధవరావు అసొంటి అధికారులు దొరికిండ్రు. ఆయన హైదరాబాద్ రాష్ట్రపోడే. గోండి నేర్చుకొని, ఊరూరు తిరిగి పనిచేసిండు. ఉద్యోగ మిత్రులు ఈ పేరు రాసుకోండ్రి. మనం ఎప్పుడు హైమన్‌డార్ఫ్ పేరే చెప్తం, గని జీవో ఇచ్చినోడు ఒకడుంటే అది గూడెం దాకా మోసుకుపోయినోడు ఇంకొకడుంటడు. ఆయన గూడ మీ అసొంటి నౌకరే.

ఇగ ఏం చేసిండ్రు? లావుణి రూల్సును సడలించి దున్నేటోని పేరు మీదనే పట్టా ఇచ్చిండ్రు. వేలం పాట లేదు, ధర లేదు. గూడెంలనే కొలిచి, గూడెంలనే పేరు రాసిండ్రు. అట్ల 11 వేలకు పైగా ఆదివాసీ కుటుంబాలకు సుమారు లక్షా 60 వేల ఎకరాలు దక్కింది. కొలాములు గూడ అందుల ఉన్నరు. 1356 ఫసలీల, అంటే 1946ల, గిరిజన ప్రాంతాలకు వేరే చట్టం తెచ్చిండ్రు. మామూలు కోర్టుల తిప్పల నుంచి, షావుకారు దావాల నుంచి ఈ ఊర్లను పక్కకు తీసిండ్రు. కేస్లాపూర్ నాగోబా జాతర్ల దర్బారు పెట్టుడు గూడ ఆ 1940లల్లనే మొదలైంది. ప్రజలు దఫ్తర్‌కు పోయి నిలబడుడు గాదు, దఫ్తరే జాతరకు రావాలె, అందరి ముందట జవాబు చెప్పాలె. ఇప్పుడు ఆ దర్బార్ల మైకు ఎవరి చేతిల ఎంతసేపు ఉంటదో మీకే ఎరుక.

రెండో పని చదువు. నాకు దీని మీదనే ఎక్కువ మాట్లాడాలని ఉన్నది.

అప్పుడు సమస్య ఏందంటే, బడి పెట్టాలంటే పంతులు కావాలె. బయటి పంతులుకు గోండి రాదు, గూడెంల ఉండడు, ఉన్నా పిల్లలకు ఆయన మాట అర్థం గాదు. గోండులల్ల చదువుకున్నోళ్లు లేరు గనక గోండు పంతులు దొరకడు. పంతులు లేడు గనక చదువుకున్నోళ్లు తయారుగారు. ఇది గుండ్రంగ తిరిగే ముచ్చట. ఈ ముడి ఎట్ల ఇప్పిండ్రంటే, 1943ల మార్లవాయిల ముందు పంతుళ్ల బడి పెట్టిండ్రు. పిల్లల బడి తర్వాత. అంతో ఇంతో అక్షరాలు వచ్చిన గోండు యువకులను తెచ్చి, వాళ్లకు చదువు చెప్పి, వాళ్లనే పంతుళ్లను చేసిండ్రు. వాచకాలు గోండి భాషల రాయించిండ్రు, లిపి దేవనాగరి. అప్పటికి ఈ దిక్కు మరాఠీ నడుస్తుండె గనక ఆ లిపి చదివితే ముందుకు అక్కరకొస్తది అన్న లెక్క. పిలగాడు మొదట తన భాషల చదువుతడు, తర్వాత పక్క భాష నేర్చుకుంటడు. ఆ బడిల తయారైనోళ్లు పంతుళ్లయిండ్రు, గుమస్తలయిండ్రు, పట్వారి పని నేర్చుకున్నరు. ఎవని చేతిల కలం ఉండెనో వాడే భూమి గుంజుకున్నడు గనక కలమే వీళ్ల చేతికి ఇచ్చిండ్రు.

తమ్ముండ్లు, ఇది ఇంటుంటే మీకు ఏం యాదికొస్తున్నది? నాకైతే ముల్కీ యాదికొస్తది. స్థానికునికే కొలువు అని 1952ల మన పిల్లలు కొట్లాడిండ్రు, 1969ల వందల మంది పాణాలిచ్చిండ్రు. 1985 డిసెంబర్ 30న 610 జీవో ఇచ్చి అమలు చేయకుండ ఏండ్లకేండ్లు తిప్పిండ్రు. మనం అడిగింది కొలువు ఒక్కటే గాదు. మన పిల్లలకు మన యాస తెల్సినోడు పాఠం చెప్పాలె, మన దఫ్తర్ల మన మనిషి ఉండాలె అన్నం. ఈ మాటను మార్లవాయిల 1943లనే చేసి చూపెట్టిండ్రు. హైమన్‌డార్ఫ్ 1945 తర్వాత ఉస్మానియా యూనివర్సిటీల గూడ పాఠాలు చెప్పిండు. మనం 2009 డిసెంబర్ల లాఠీలు తిన్న ఆ క్యాంపస్‌లనే.

మరి మనం అడిగిన న్యాయం మన లోపలోళ్లకు ఇచ్చినమా? షెడ్యూల్డ్ ప్రాంతాలల్ల టీచరు కొలువులన్నీ స్థానిక గిరిజనులకే అని 2000 జనవరిల జీవో 3 వచ్చింది. మార్లవాయి ఆలోచనకు అది మనుమని వరుస. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. నూటికి నూరు శాతం రిజర్వేషన్ చెల్లదు అన్నది. అప్పటికే చేరినోళ్ల కొలువులు మాత్రం ముట్టలేదు. ఆ తీర్పు వచ్చినప్పుడు దేశమంతా కరోనాతోటి తలుపులు మూసుకొని ఉన్నది. గూడేలల్ల ఏడ్చినోళ్ల ఏడుపు ఎవరికి ఇనబడలేదు. 610 కోసం రోడ్డెక్కిన ఉద్యోగ సంఘాలు జీవో 3 కోసం ఎంత మంది రోడ్డెక్కిండ్రు? నేను గూడ నాలుగు వార్తలు రాసి ఊకున్న. మీ మీద నింద ఏస్తలేను, నన్ను నేను అడుగుకుంటున్న.

హైమన్‌డార్ఫ్ 1950 నాటికి లండన్ పోయిండు, అక్కడ ప్రొఫెసర్ అయిండు. పోలీస్ యాక్షన్ అయింది, సర్కార్లు మారినయి, 1956ల ఆంధ్రతోటి కలిపిండ్రు. మరాఠీ పోయి తెలుగు వచ్చింది, గోండి వాచకాలు మూలకు పడ్డయి. ఆంధ్ర ప్రాంతంల 1959ల గిరిజన భూములు అమ్మొద్దని చట్టం చేసిండ్రు, అది తెలంగాణకు రావడానికి 1963 అయింది. గిరిజనేతరుల నడుమ గూడ అమ్మకాలు కొనుగోళ్లు బందు పెట్టిన 1/70 చట్టం 1970ల వచ్చింది. పాత హైదరాబాద్ రూల్సు కాగితం మీద ఉండె, గని అమలు చేసే చెయ్యి లేకపాయె. రోడ్లు పడ్డయి, రోడ్డెంబడి షావుకారు వచ్చిండు, పత్తి వచ్చింది, అప్పు వచ్చింది.

ఇక్కడ ఒక నిజం చెప్పాలె, కొందరికి కష్టమనిపించినా సరే. గుంజుకున్నోళ్లంతా కోస్తకెల్లే వచ్చిండ్రంటే అబద్ధం. మరాఠ్వాడకెల్లి వచ్చిండ్రు, మన పక్క జిల్లాలకెల్లి మన తెలంగాణ షావుకార్లు గూడ వచ్చిండ్రు. ఆదివాసికి అందరూ ఒక్కటే. 1976ల లంబాడీలను తెలంగాణల గూడ ఎస్టీలల్ల చేర్చినంక భూమి మీద, కొలువుల మీద పంచాయితీ ఇంకింత ముదిరింది. 2017ల ఈ జిల్లాలల్ల ఏం జరిగిందో ఈడ ఉన్నోళ్లందరు చూసిండ్రు. పేదోడు పేదోని మీదికి పోయిండు. దానిమీద నేను తీర్పు చెప్పేటంతోన్ని గాను. గని జాబితాల పేరు చేర్చి, దానికి తగ్గ భూమి, కొలువులు పెంచకుండ చేతులు కడుక్కున్నది సర్కారు. ఆ లెక్క సర్కారునే అడగాలె.

1970ల ఆఖరుకు హైమన్‌డార్ఫ్ మళ్ల వచ్చి చూసిండు. తను పట్టాలిప్పిచ్చిన ఊర్లల్లనే గోండులు కూలీలయిండ్రు. ఆ బాధంతా 1982ల అచ్చయిన పుస్తకంల రాసిండు. తన పని ఎట్ల కొట్టుకపోయిందో తనే లెక్కలతోటి రాసుకున్నడు. అంత నిజాయితీ మన స్వచ్ఛంద సంస్థల వార్షిక నివేదికలల్ల ఎప్పుడన్న చూసిండ్రా? ఆ పుస్తకం రాకముందే 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లి కాల్పులు జరిగినయి. భూమి అడగడానికి వచ్చిన గోండుల మీద తుపాకులు పేల్చిండ్రు. సర్కారు 13 మంది అన్నది. ఎన్ని శవాలు జంగల్ల కలిసినయో గూడేలను అడగాలె. స్తూపం దగ్గర పువ్వు పెట్టనీయకుండ ఏండ్లకేండ్లు 144 సెక్షన్ పెట్టిండ్రు.

నా సొంత ముచ్చట ఒకటి చెప్త. 2011ల సకల జనుల సమ్మె నడుస్తున్నది. బస్సులు లేవు, దఫ్తర్లు బంద్. అప్పుడు నేను కొత్త విలేకరిని. గూడేలల్ల సమ్మె ఎట్ల ఉన్నదో రాద్దామని మోటరుసైకిల్ మీద కెరమెరి ఘాటు ఎక్కి పోయిన. ఒక గూడెంల ముసలి తాత ఇంటి ముందట కూసోబెట్టిండు, చాయ పోసిండు. నేను జోరుగ చెప్తున్న, తాతా, తెలంగాణ వస్తే మన నీళ్లు మనకు, మన కొలువులు మనకు అని. ఆయన అంతా ఇన్నడు. లోపలికి పోయి రేకు డబ్బ తెచ్చిండు. ప్లాస్టిక్ కవర్ల చుట్టిన కాగితం తీసిండు. మడతల దగ్గర చినిగి ఉన్నది. అంతా ఉర్దూ.

"ఇందుల ఏమున్నదో చదివి చెప్పు బిడ్డా. మా నాయిన ఇచ్చిండు. మా ఊర్ల ఎవరికి రాదు" అన్నడు.

నాకూ రాదు. ఫోటో తీసుకున్న. సమ్మె అయినంక హైదరాబాద్‌ల ఒక రిటైరయిన రెవెన్యూ ఉద్యోగికి చూపెట్టిన. ఆయన కండ్లద్దాలు పెట్టుకొని చదివిండు. లావుణి పట్టా. ఆ తాత తండ్రి పేరు, సర్వే నంబరు, ఎకరాలు, గుంటలు అన్నీ సాఫ్ ఉన్నయి. తాత దున్నుకుంటున్నది అందుల మూడో వంతు గూడ గాదు. మిగతాది పహాణీల వేరేటోళ్ల పేరు మీద ఉన్నది. ఎట్ల ఎక్కిందో దఫ్తర్ల అడిగితే పాత రికార్డు దొరకదన్నరు. నాలుగుసార్లు తిరిగిన. తర్వాత నాకు వేరే జిల్లాకు పని పడ్డది. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చిన దినం అందరం ఎగిరినం, ఆడినం. ఆ తాత నాకు అప్పుడు యాదికి రాలేదు. రెండేండ్ల తర్వాత మళ్ల ఆ తోవల పోతే ఇంట్ల కొడుకు ఉన్నడు, తాత లేడు. డబ్బ ఉన్నది.

రాష్ట్రం వచ్చినంక ఏం గాలేదు అంటే అది గూడ అబద్ధమే. 2016ల కుమ్రం భీం పేరు మీద జిల్లా అయింది. 2023 జూన్‌ల 4 లక్షల ఎకరాలకు పైగా పోడు పట్టాలు రాష్ట్రమంతట ఇచ్చిండ్రు, మొదలువెట్టింది ఆసిఫాబాద్‌లనే. మంచిదే. గని 2025 మే నెలల అదే జిల్లాల పులుల కారిడార్ కోసం జీవో 49 తెచ్చిండ్రు, దానికి గూడ భీం పేరే పెట్టిండ్రు! గూడేలు బందులు చేస్తే జూలైల ఆపిండ్రు. రద్దు అనలేదు, ఆపినం అన్నరు. 1930లల్ల జంగ్లాతోళ్లు గీసిన గీతకు, దీనికి ఏం ఫరక్ ఉన్నదో విద్యార్థులు రెండు కాగితాలు పక్కపక్కన పెట్టుకొని చదువుండ్రి. పులిని ఎవరు వద్దన్నరు? పులితోటి బతికినోళ్లను అడిగి గీత గీయాలె.

ఇగ ముగిస్త, తిండి యాళ్లయింది. ఇక్కడ రెవెన్యూల, సర్వేల పనిచేసే అన్నలు కనబడుతున్నరు. ఉర్దూ చదువొచ్చిన పెద్దలు గూడ ఇద్దరు ముగ్గురున్నరు. నాది ఒకటే దరఖాస్తు. 1940ల లావుణి కాగితాలు గూడేలల్ల ఇంకా డబ్బలల్ల ఉన్నయి. నెలకు ఒక్క ఆదివారం ఇయ్యుండ్రి. ఊర్లకు పోయి, ఫోటోలు తీసి, చదివి, తెలుగుల రాసిద్దాం. ఐటీడీఏ దఫ్తర్ల, తాలూకా దఫ్తర్ల పాత బస్తాలల్ల వాటి జోడు కాగితాలు ఉన్నయేమో మీరే ఎతకాలె, మా అసొంటోళ్లను లోపలికి రానియ్యరు. గోండి, కొలామి వచ్చిన విద్యార్థులు మాట కలపడానికి ఎంబడి రావాలె. పెట్రోలు ఖర్చు ఎవరిది వాళ్లదే. మొదట పోవలసిన ఇల్లు నాకు ఎరుక. సభ అయినంక బయట వేపచెట్టు కింద నోట్‌బుక్ పట్టుకొని నిలబడుత, వచ్చేటోళ్లు పేరు, ఫోన్ నంబరు రాసి పోండ్రి.

జై భీం, జై తెలంగాణ. రాం రాం.